ఇయాయ్‌డో కొత్తగా నేర్చుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాను కత్తి విద్యల్లో ఇయాయ్‌డో ఒకటి. దీనిని మొదలుపెట్టాలనుకునేవారు, మొదలుపెట్టి ఏడాది దాటనివారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. కత్తి కొనడం గురించిన ప్రశ్న అందరూ మొదటే అడుగుతారు. దానికి జవాబు మాత్రం గురువు గురించి చెప్పిన తరువాతే వస్తుంది, ఎందుకంటే సాధనలో కూడా దాని వంతు ఆ తరువాతే.

ఇయాయ్‌డోలో అసలు ఏం చేస్తారు? కెండోకూ దీనికీ తేడా ఏమిటి?

కెండోలో ఇద్దరు మనుషులు కవచాలు ధరించి, షినాయ్ అనే వెదురు కత్తులతో నిజంగా కొట్టుకుంటారు. ఇయాయ్‌డోలో ఎదుట ఎవరూ ఉండరు. సాధకుడు ఒంటరిగా, తన ఎదుట ప్రత్యర్థి ఉన్నట్టు భావించి, ముందే నిర్ణయించిన కదలికల వరుసను చేస్తాడు. ఈ వరుసనే కతా అంటారు. కరాటే నేర్చుకున్నవారికి ఈ మాట పరిచితమే.

ప్రతి కతాలోనూ దాదాపుగా నాలుగు దశలు ఉంటాయి. కత్తిని ఒరలోంచి దూస్తూనే వేసే మొదటి వేటు నుకిత్సుకె, రెండు చేతులతో పైనుంచి దించే వేటు కిరిత్సుకె, వాదర మీది రక్తాన్ని విదిలించే కదలిక చిబురి, కత్తిని తిరిగి ఒరలో పెట్టడం నోతో. అన్నిటికంటే ముందు నేర్పే ‘మయె’ అనే కతాలో, ఎదురుగా కూర్చున్న ప్రత్యర్థి దాడికి సిద్ధపడుతున్నాడని పసిగట్టి, అతని కణతల మీదుగా అడ్డంగా ఒక వేటు వేసి, వెంటనే తల మీదినుంచి రెండో వేటు వేస్తారు. చూడటానికి ఇది అర నిమిషం పని. దశాబ్దాలుగా సాధన చేస్తున్నవారు కూడా తరగతిని దీనితోనే మొదలుపెడతారు.

నిజమైన పదునుతో చాప చుట్టలను నరికే అభ్యాసం వేరు. దానిని తమేషిగిరి అంటారు. కొన్ని సంప్రదాయాల్లో అది కూడా భాగమే కానీ, చాలా ఇయాయ్‌డో శిక్షణశాలల్లో కొత్తవారికి దానితో పని ఉండదు. చాపలు నరకాలన్న కోరికతోనే వచ్చేవారు ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇన్ని సంప్రదాయాలు ఉన్నాయి కదా, ఏది ఎంచుకోవాలి?

కత్తి దూసే విద్యకు మూలపురుషుడిగా 16వ శతాబ్దానికి చెందిన హయాషిజాకి జిన్‌సుకె పేరు చెబుతారు. ఆయన పరంపర నుంచి వచ్చినవాటిలో నేడు ఎక్కువ మంది సాధన చేసేవి రెండు: ముసో జికిదెన్ ఎయిషిన్ ర్యు, ముసో షిందెన్ ర్యు. మొదటిది నేటి కోచి ప్రాంతమైన తోసాలో ఓయె మసమిచి చేతుల మీదుగా ఒక క్రమానికి వచ్చింది. రెండోది నకయామ హకుదో శిష్యపరంపర. రెండూ ఒకే కొమ్మ నుంచి చీలినవి కాబట్టి పోలికలు చాలా కనిపిస్తాయి.

వీటికి తోడు, 1952లో ఏర్పడిన అఖిల జపాన్ కెండో సమాఖ్య వివిధ సంప్రదాయాలవారు కలిసి నేర్చుకోవడానికీ, పరీక్షలు రాయడానికీ వీలుగా ఒక ఉమ్మడి కతా సముదాయాన్ని రూపొందించింది. దీనిని సెయితెయ్ ఇయాయ్ అంటారు. 1969లో ఏడు కతాలతో మొదలై, 1980లో మూడు, 2000లో రెండు చేరి, ఇప్పుడు పన్నెండు అయ్యాయి. మొదటి మూడూ మోకాళ్ల మీద కూర్చుని, నాలుగోది ఒక మోకాలు పైకి ఉంచి కూర్చుని, మిగిలిన ఎనిమిదీ నిలబడి చేస్తారు. సమాఖ్యకు అనుబంధమైన శిక్షణశాలలో చేరినవారికి సాధారణంగా మొదట ఇవే నేర్పుతారు.

కొత్తవారు సంప్రదాయాలను బేరీజు వేస్తూ నెలలు గడపడంలో అర్థం లేదు. వారానికి రెండుసార్లు వెళ్లగలిగే దూరంలో ఏ మంచి గురువు ఉంటే, ఆయన సంప్రదాయమే మీ సంప్రదాయం.

వీడియోలు చూసి నేర్చుకోవచ్చా?

నేర్చుకోలేరు. కదలికల వరుసను కంఠస్థం చేయగలరేమో కానీ, ఇయాయ్‌డోలో తప్పులు చాలావరకు చేసేవారికి కనబడని చోట ఉంటాయి. వెనక కాలి మడమ ఎటు తిరిగింది, వేటు ముగిసినప్పుడు మొన ఎంత కిందికి జారింది, తుంటి ఎదురుగా ఉందా పక్కకు తిరిగిందా అన్నవి పక్కన నిలబడి చూసే మనిషే చెప్పగలడు. తప్పుగా స్థిరపడిన ఒక్కొక్క అలవాటును తరువాత విడిపించడానికి, సరిగా నేర్చుకోవడానికి పట్టే సమయం కన్నా ఎక్కువ పడుతుంది. గురువు దగ్గర నేర్చుకుంటున్న కతాను గుర్తుచేసుకోవడానికి వీడియో చూడటంలో తప్పు లేదు.

మంచి గురువును ఎలా గుర్తించాలి?

మొదట ఒక తరగతిని కూర్చుని చూడటానికి అనుమతి అడగండి. అడిగిన వెంటనే సంతోషంగా రమ్మనే చోటు చాలావరకు మంచి చోటే. తరువాత మూడు విషయాలు తెలుసుకోవాలి: ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సమాఖ్యలో ఏ స్థాయి పొందారు, ఇప్పటికీ తన పైవారి దగ్గర నేర్చుకుంటున్నారా. మూడోది చాలామంది అడగరు కానీ, అసలైన సంగతి బయటపడేది దానికి వచ్చే జవాబులోనే.

తానే ఒక కొత్త పద్ధతి కనిపెట్టానని చెప్పేవారు, ఆరు నెలల్లో నల్ల బెల్టు ఇస్తామనేవారు, మొదటి రోజే పదునైన కత్తి చేతికిచ్చేవారు, శిష్యుడి పొట్ట మీద దోసకాయ పెట్టి నరికి చూపేవారు కనిపిస్తే నమస్కారం పెట్టి వెనక్కి రావడం ఉత్తమం.

1970లో ఏర్పడిన అంతర్జాతీయ కెండో సమాఖ్య కెండో, ఇయాయ్‌డో, జోడో అనే కర్ర విద్య, ఈ మూడింటినీ చూస్తుంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఉన్న తెలుగువారు ఆయా దేశాల కెండో సమాఖ్యల ద్వారా దగ్గరలోని శిక్షణశాలను సులభంగానే కనుక్కోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కరాటే దొరికినంత విరివిగా ఇయాయ్‌డో దొరకదు. ఇక్కడ ఉన్నవారు కొంత ప్రయాణానికీ, అప్పుడప్పుడు జరిగే శిబిరాలకు వెళ్లి నేర్చుకున్నదాన్ని ఇంటి దగ్గర ఓపికగా సాధన చేయడానికీ సిద్ధపడాలి.

నాకు కత్తిసాము, కర్రసాము వచ్చు. అవి ఉపయోగపడతాయా?

కాళ్ల నిలకడ, మణికట్టు బలం, ఆయుధం పట్ల జాగ్రత్త ఉపయోగపడతాయి. చేతి కదలికలు మాత్రం అడ్డు వస్తాయి. సాములో ఆయుధం తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరుగుడులోంచే దెబ్బ పుడుతుంది. ఇయాయ్‌డోలో కత్తి ఒక చోట మొదలై ఒక చోట ఖచ్చితంగా ఆగాలి. చాలా వేట్లలో రెండు చేతులూ పిడిని పట్టుకుని ఉంటాయి. కరాటే వచ్చినవారికి భుజాలు బిగించే అలవాటు, కెండో వచ్చినవారికి వేటును ముందే ఆపేసే అలవాటు ఇలాగే అడ్డు వస్తాయి. పాత విద్యను మరచిపోనక్కర్లేదు కానీ, ‘మా దగ్గర ఇలా చేస్తాం’ అన్న మాటను శిక్షణశాల గుమ్మం బయట వదిలిపెట్టడం మర్యాద.

కత్తి ఎప్పుడు కొనాలి? ఎలాంటిది కొనాలి?

గురువు చెప్పినప్పుడు కొనాలి. మొదటి కొన్ని నెలలకు బొక్కెన్ అనే చెక్క కత్తి, దానికి సరిపోయే ప్లాస్టిక్ ఒర చాలు. చాలా శిక్షణశాలల్లో కొత్తవారికి అరువు ఇవ్వడానికి ఒకటి రెండు కత్తులు కూడా ఉంటాయి.

తరువాత కొనవలసింది ఇయాయ్‌టో, అంటే సాధన కోసమే చేసిన పదును లేని కత్తి. జపానులో తయారయ్యే ఇయాయ్‌టోల వాదర జింకు, అల్యూమినియం కలిసిన మిశ్రలోహంతో ఉంటుంది. దీనిని సాన పెట్టినా పదును నిలవదు. అయినా మొన మొనే కాబట్టి, అజాగ్రత్తగా ఉంటే చర్మాన్ని చీల్చగలదు.

పొడవును షకు అనే జపాను కొలతలో చెబుతారు. ఒక షకు సుమారు 30.3 సెంటీమీటర్లు. దాదాపు 170 సెంటీమీటర్ల ఎత్తున్నవారు సాధారణంగా 2.45 షకు, అంటే 74 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ పొడవున్న వాదర తీసుకుంటారు. ఈ లెక్క మధ్యస్థంగా ఉన్నవారికి సరిపోతుంది. చేతులు పొడవో పొట్టివో అయితే మారుతుంది. కుడిచేతిలో కత్తి పట్టుకుని సహజంగా కిందికి వదిలినప్పుడు మొన నేలకు తాకీ తాకకుండా ఉండాలన్నది పాత పరీక్ష. బరువు విషయంలో గొప్పకు పోవద్దు. బరువైన కత్తి కొన్న కొత్తవారికి బలం పెరగదు, మోచేయి నొప్పి వస్తుంది.

వాదర వెన్ను పక్కన గాడి ఉన్న కత్తిని వేగంగా దించితే గాలిలో ‘స్వీ’మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం అంచు సరైన కోణంలో వెళ్లిందని కొంతవరకు తెలుపుతుంది కాబట్టి అది నేర్చుకునేవారికి ఉపయోగమే. అయితే శబ్దం కోసమే కొట్టడం మొదలైతే భుజం బిగుసుకుంటుంది, వేటు చెడుతుంది. ఈ జబ్బు రెండో ఏట దాదాపు అందరికీ వస్తుంది.

గోడకు తగిలించే అలంకారపు కత్తులు మాత్రం సాధనకు ఎట్టి పరిస్థితిలోనూ పనికిరావు. పిడి లోపల ఉండే లోహపు తోక వాటిలో సన్నగా ఉండి, అతుకు దగ్గర విరుగుతుంది. విరిగిన వాదర ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. మంచి ఇయాయ్‌టోలో తోక పిడి లోపలికి పొడవుగా వెళ్లి, మెకుగి అనే వెదురు మేకుతో బిగించి ఉంటుంది. ఆ మేకు వదులైందా అని ప్రతి తరగతికి ముందు బొటనవేలితో నొక్కి చూడాలి. సాధన మధ్యలో పిడి కదిలినట్టు, గలగలలాడినట్టు అనిపిస్తే వెంటనే ఆపాలి.

పదునైన అసలు కత్తితో మొదలుపెడితే త్వరగా రాదా?

రాదు. భయంతో బిగుసుకున్న చేతులు ఏమీ నేర్చుకోవు. భయం లేని కొత్తవారైతే ఇంకా ప్రమాదం. ఉన్నత స్థాయివారు షింకెన్ అనే అసలు కత్తితో సాధన చేస్తారు, కానీ ఆ నిర్ణయం గురువుది.

భారతదేశంలో కత్తి ఉంచుకోవడం చట్టబద్ధమేనా?

1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నియమాల్లో, వాదర 9 అంగుళాల కన్నా పొడవుగా గానీ 2 అంగుళాల కన్నా వెడల్పుగా గానీ ఉండే ఖడ్గాల వంటి ఆయుధాలకు ప్రత్యేక తరగతి ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటిని ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. కాబట్టి కొనే ముందు స్థానిక పోలీసు అధికారులనూ, విదేశాల నుంచి తెప్పిస్తుంటే కస్టమ్స్ శాఖనూ అడిగి తెలుసుకోవాలి. ‘ఇది పదును లేనిది’ అన్న మాట తనిఖీ చేసే అధికారికి నోటితో చెబితే చాలదు. తయారీదారు ఇచ్చిన పత్రం, శిక్షణశాల ఇచ్చిన లేఖ దగ్గర ఉంచుకోవాలి. విమానంలో చేతి సామానులో ఎలాగూ అనుమతించరు. రైల్లోనైనా బస్సులోనైనా, సంచిలో చుట్టి, జిప్పు వేసి, బయటికి కనబడకుండా తీసుకెళ్లాలి.

జపాను వెళ్లేవారికి ఒక హెచ్చరిక: అక్కడి చట్టం ఉక్కు కత్తుల విషయంలో చాలా కఠినం. ఇతర దేశాల్లో చేసిన ఉక్కు సాధన కత్తులను అక్కడికి తీసుకెళ్లరాదు. మిశ్రలోహపు ఇయాయ్‌టోతోనే వెళ్లాలి.

దుస్తులు ఏం కావాలి?

మొదటి నెలలో వదులైన ప్యాంటు, చొక్కా చాలు. తరువాత కెయ్‌కోగి అనే పై అంగీ, హకమా అనే కుచ్చుల కింది వస్త్రం, ఓబి అనే వెడల్పాటి నడికట్టు కొనాలి. కరాటే బెల్టు సన్నగా ఉంటుంది కాబట్టి కత్తిని నిలపలేదు. ఓబిని నడుముకు మూడు చుట్లు చుట్టి, ఆ మడతల మధ్య ఒరను దోపుతారు. హకమాకు ముందు ఐదు, వెనక రెండు కుచ్చులు ఉంటాయి. ఎడమ కాలు ముందు దూర్చి వేసుకోవడం ఆచారం. అది పొడవుగా ఉంటే కూర్చుని లేచేటప్పుడు కాలి కింద చిక్కుకుని పడేస్తుంది. చీలమండ దగ్గర ఆగాలి.

మోకాళ్ల మీద కూర్చోవడం కష్టం. ఏం చేయాలి?

వజ్రాసనం అలవాటున్న మనవారికి సెయిజా అనే ఈ కూర్చునే పద్ధతి కొంత సులువు. కూర్చోవడం వరకే ఆ సులువు. అసలు భారం లేవడంలో ఉంది. కత్తి దూయడం మొదలవగానే తుంటి పైకి లేస్తుంది, వెనక ఉన్న కాలి వేళ్లు మడిచి నేలకు ఆనుతాయి, మొన ఒర దాటే క్షణానికి కుడి పాదం ముందుకు పడాలి. ఈ మొత్తం ఎత్తు తొడలతో జరగాలి. తొడల్లో బలం లేనివారు ముందుకు తూలి, బరువంతా ఎడమ మోకాలి మీద పడేస్తారు. గచ్చు మీద, గ్రానైటు పలకల మీద రోజూ ఇలా చేస్తే ఏడాదిలో మోకాలు మొరాయిస్తుంది.

హకమా కింద మెత్తటి మోకాలి తొడుగులు వేసుకోవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. మొదటి రోజు నుంచే వేసుకోండి. కత్తి లేకుండా, నెమ్మదిగా, సెయిజా నుంచి లేచి తిరిగి కూర్చోవడాన్ని రోజూ పది సార్లు చేస్తే కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. ఇప్పటికే మోకాళ్ల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి, గురువుకు ముందుగానే చెప్పి, నిలబడి చేసే కతాలతో మొదలుపెట్టవచ్చు. నొప్పిని ఓర్చుకోవడం వీరత్వం కాదు. ఆ సంగతి జపాను గురువులే ఎక్కువగా చెబుతారు.

నేను ఎడమచేతి వాటం. కత్తిని కుడివైపు పెట్టుకోవచ్చా?

కుదరదు. అందరూ ఎడమ నడుమున పెట్టుకుని కుడిచేత్తోనే దూస్తారు. దీనివల్ల మీకు నష్టం లేదు. ఇయాయ్‌డోలో ఎడమచేతికి ఎంత పని ఉందో తరువాతి జవాబులో చూడండి.

దూసేటప్పుడు ఒర లోపల గీసుకుంటోంది, తిరిగి పెట్టేటప్పుడు చేతికి తగులుతోంది. ఎందుకు?

ఎడమచేయి పని చేయకపోవడం వల్ల. కొత్తవారు కుడిచేత్తో కత్తిని లాగుతారు. అసలు పద్ధతిలో కుడిచేయి కత్తిని ముందుకు తీసుకెళ్తూ ఉండగా, ఎడమచేయి ఒరను వెనక్కి, వెన్నెముక వైపు లాగుతుంది. దీనికి సాయాబికి అని పేరు. అంచు పైకి చూస్తూ మొదలైన కత్తి, మొన బయటపడడానికి కొద్దిగా ముందు, ఒరతో పాటు పక్కకు తిరుగుతుంది. ఆ తిప్పడం తొందరగా జరిగినా, ఎడమచేయి నిద్రపోయినా అంచు ఒర లోపలి చెక్కను కోస్తుంది. ఒర మూతి దగ్గర సన్నటి చెక్కపొట్టు రాలుతుంటే తప్పు ఇక్కడే ఉందని అర్థం. పదునైన కత్తితో ఇదే తప్పు చేస్తే అంచు ఒరను చీల్చుకుని పట్టుకున్న వేళ్ల దాకా వస్తుంది. ఎడమచేతి వేళ్లను ఒర మీద అంచు వైపుకు చుట్టవద్దని గురువులు పదేపదే చెప్పేది అందుకే.

కత్తి నడుమున ఉన్నంతసేపూ ఎడమ బొటనవేలు త్సుబా మీద, అంటే పిడికీ వాదరకూ మధ్య ఉండే బిళ్ల మీద, ఆని ఉండాలి. ఇది అలంకారం కాదు. వంగినప్పుడు కత్తి ఒరలోంచి జారిపడకుండా ఆపేది ఆ వేలే.

నోతోలో గాయాలు ఎక్కువగా తొందర వల్ల అవుతాయి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు ఒర మూతి దగ్గర సన్నని సందులా ఏర్పడతాయి. కత్తి వెన్ను ఆ సందు మీదుగా జారి, మొన మూతిలో పడుతుంది. అక్కడి నుంచి కత్తిని కుడిచేత్తో తోయకుండా, ఒర ముందుకు వచ్చి కత్తిని పాము కప్పను మింగినట్టు మింగాలి. ఈ పని ఒర వైపు చూడకుండా చేయాలి, ఎందుకంటే పడిపోయిన ప్రత్యర్థి మీది నుంచి చూపు మరలకూడదు. వేగంగా, కంటికి కనబడకుండా నోతో చేసే పెద్దవారిని చూసి మొదటి ఏడాదిలోనే అనుకరించేవారి ఎడమ అరచేతి మీద, బొటనవేలి మొదట్లో, ఒక గీత తప్పకుండా పడుతుంది. ఎంత నెమ్మదిగా చేసినా పరీక్షలో మార్కులు పోవు. వెతుక్కుంటూ చేస్తే పోతాయి.

ఇంటి దగ్గర సాధన చేయవచ్చా?

చేయాలి, కానీ ముందు పైకి చూడండి. మన ఇళ్లలో తల మీద ఫ్యాను ఉంటుంది. కత్తిని తల మీదికి ఎత్తినప్పుడు మొన ఎంత పైకి పోతుందో కొత్తవారికి అంచనా ఉండదు. గదిలో అయితే కూర్చుని చేసే కదలికలు, ఎడమచేతి అభ్యాసం, అడుగులు చాలు. మేడ మీద అయితే బొక్కెన్‌తో వేట్లు సాధన చేయవచ్చు. లోహపు కత్తితో మేడ ఎక్కితే ఇరుగుపొరుగు కంగారుపడతారు, అందులో వారి తప్పేమీ లేదు. పిల్లలు తిరిగే చోట ఏ కత్తీ వద్దు. సాధన అయ్యాక ఇయాయ్‌టోను మెత్తటి పొడి బట్టతో తుడిచి ఒరలో పెట్టాలి. చెమట చేతులతో వాదరను తాకితే మిశ్రలోహం మీద కూడా మచ్చలు పడతాయి.

కత్తికి వంగి నమస్కరించాలంటున్నారు. ఇది మతపరమైన ఆచారమా?

ఆయుధపూజ చేసేవారికి ఇది వింతగా తోచదు కానీ, రెండూ ఒకటి కావు. తరగతి మొదట్లోనూ చివరలోనూ శిక్షణశాల ముందు భాగానికీ, గురువుకూ, కత్తికీ వంగడం గౌరవసూచకం. దాని కోసం ఏ దేవుణ్ణీ నమ్మనక్కర్లేదు. వంగడానికి మత విశ్వాసం అడ్డు వచ్చేవారు గురువుతో ముందే మాట్లాడుకోవాలి.

స్త్రీలు, యాభై దాటినవారు చేరవచ్చా?

నిస్సందేహంగా. ఎదుట దెబ్బ తగిలే మనిషి లేడు కాబట్టి వయసు, బరువు, లింగం ఇక్కడ పెద్ద తేడా తీసుకురావు. పిల్లల సంగతి వేరు: ఆ వయసులో ఎవరిని చేర్చుకోవాలో గురువు నిర్ణయిస్తారు.

పరీక్షలు, పోటీలు ఎలా ఉంటాయి?

మొదట క్యు, తరువాత డాన్ అనే మెట్లు ఉంటాయి. అఖిల జపాన్ కెండో సమాఖ్య నియమాల ప్రకారం మొదటి డాన్‌కు మొదటి క్యు, అంటే క్యుల్లో అన్నిటికంటే పై మెట్టు, ఉండాలి, 13 ఏళ్లు నిండాలి. అక్కడి నుంచి రెండో డాన్‌కు ఒక ఏడాది, మూడోదానికి మరి రెండేళ్లు, నాలుగోదానికి మరి మూడేళ్లు, ఐదోదానికి మరి నాలుగేళ్లు ఆగాలి. ఎనిమిదో డాన్‌కు ఏడోది వచ్చి పదేళ్లు గడవాలి, 46 ఏళ్లు నిండాలి. ఇవి కనీస గడువులు మాత్రమే. పరీక్షలో నెగ్గడం వేరే సంగతి. నడికట్టు రంగు మారదు కాబట్టి ఎవరు ఏ మెట్టులో ఉన్నారో దుస్తులు చూసి చెప్పలేరు.

పోటీల్లో ఇద్దరు పక్కపక్కన నిలబడి, ఒకే సమయంలో ఐదు కతాలు చేస్తారు. ఆరు నిమిషాల్లో ముగించాలి. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఎరుపు, తెలుపు జెండాల్లో ఒకటి ఎత్తుతారు. వేగంగా చేసినవారు గెలుస్తారని కొత్తవారు అనుకుంటారు. నిజానికి జెండా ఎక్కువగా మర్యాద విధులు, చూపు, వేటుకీ వేటుకీ మధ్య ఉండే నిలకడ సరిగా ఉన్నవారి వైపు లేస్తుంది. మొదటి పోటీకి వెళ్లేవారు కతాలతో సమానంగా ప్రవేశం, వందనం, ఓబిలో ఒరను దోపడం, దాని తాడు కట్టడం కూడా సాధన చేసుకుని వెళ్లాలి. కంగారులో చేతులు వణికేది అక్కడే.